పెళ్ళి సీడీ పదిలంగా ఉందా?

మీ ఇంట్లో టీవీ స్టాండు కింది అర ఒకసారి తెరిచి చూడండి. అట్ట పెట్టెల్లో నల్లటి వీడియో క్యాసెట్లు రెండు మూడు, వాటి మీద స్టూడియో వాళ్ళు అంటించిన వధూవరుల పేర్లు... జిప్పు పౌచ్‌లో ముప్ఫయ్యో నలభయ్యో సీడీలు, కవరు పోయిన డీవీడీలు నాలుగైదు, ఎవరిదో తెలియని పెన్‌డ్రైవ్ ఒకటి. అవునా? మీ పెళ్ళి, బాబు బారసాల, ఆడపడుచు సీమంతం, మామగారి షష్టిపూర్తి, కాశీయాత్ర అన్నీ ఆ అరలోనే ఉన్నాయి. మధ్యమధ్యలో ఎప్పుడో కొనుక్కున్న పాత సినిమాలు.

వాటిని చివరిసారి ఎప్పుడు చూశారు? సీడీ ప్లేయరు పాత సామాన్లవాడికి వేసేశారా? వీసీఆర్ సంగతి సరేసరి. పోనీ ప్లేయరు ఉందనుకోండి, డిస్కు వేస్తే మంగళస్నానాల దాకా బాగానే వచ్చి జీలకర్ర-బెల్లం దగ్గర బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి ఆగిపోతోందా? అయితే ఈ వ్యాసం మీకోసమే.

పట్టుచీరలు ఏడాదికోసారి తీసి, నీడన ఆరేసి, మడతలు మార్చి పెట్టుకుంటాం. నగలు లాకర్లో పెడతాం. ఆవకాయ జాడీకి వాసెన గుడ్డ కడతాం. మరి ఈ డిస్కుల్ని మాత్రం ఒకదాని మీద ఒకటి పడేసి, దాని మీద రిమోట్లు పెడతాం. చీర పోతే ఇంకో చీర వస్తుంది. అమ్మమ్మ పెళ్ళిపీటల పక్కన కూర్చుని, "ఒసేయ్, తాంబూలాలు ఇచ్చారా?" అని కేకేసిన గొంతు మళ్ళీ ఎక్కడినుంచి తెస్తాం? ఫొటోలో మనిషి ఉంటారు గానీ నడక ఉండదు, గొంతు ఉండదు. అవి ఉన్నది ఆ డిస్కులోనే.

ఇన్ని రకాలు ఎందుకొచ్చాయి?

"ఇవన్నీ కంపెనీల వాళ్ళు మనచేత మళ్ళీ మళ్ళీ కొనిపించడానికి చేసిన పన్లు" అంటారు మగవాళ్ళు. పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. వియ్యాలవారి పంతాలు చూశారుగా! ఇది ఇంచుమించు అలాంటిదే.

1975లో సోనీ వాళ్ళు బీటామ్యాక్స్ అనే వీడియో క్యాసెట్టు తెచ్చారు. మరుసటి ఏడాదే జేవీసీ వాళ్ళు వీహెచ్ఎస్ తెచ్చారు. బొమ్మ బీటాలోనే బాగుంటుందని తెలిసినవాళ్ళు అనేవారు. కానీ మొదట వచ్చిన బీటా క్యాసెట్టులో పట్టేది ఒక గంటే. వీహెచ్ఎస్‌లో రెండు గంటలు. గిన్నె ఎంత అందంగా ఉన్నా ఇంటిల్లిపాదికీ సరిపడా అన్నం పట్టకపోతే ఏ ఇల్లాలు కొంటుంది చెప్పండి? మెల్లగా వీహెచ్ఎసే గెలిచింది. మన ఇళ్ళల్లో 80లు, 90ల నాటి పెళ్ళి క్యాసెట్లు అందుకే దాదాపు అన్నీ వీహెచ్ఎస్‌లే.

1982లో పాటల కోసం సీడీ వచ్చింది. దాని మీదే సినిమా ఎక్కించే పద్ధతి 1993లో వచ్చింది. అదే మనం వీసీడీ అన్నది. డిస్కుకి గంటా పావుకి మించి పట్టదు కనుక ఒక్కో తెలుగు సినిమాకి రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు. సరిగ్గా కథ మంచి పట్టులో ఉండగా డిస్కు అయిపోవడం, రెండోది పక్కింటివాళ్ళ దగ్గర ఉండిపోవడం... గుర్తొచ్చిందా!

తర్వాత అసలు తగాదా డీవీడీ దగ్గర. సోనీ, ఫిలిప్స్ ఒక పక్షం. తోషిబా, టైమ్ వార్నర్, మత్సుషితా తదితరులు ఇంకో పక్షం. ఎవరి డిస్కు వాళ్ళది. ఈ పేచీ తెగేదాకా ఎవరిదీ వాడమని కంప్యూటర్ కంపెనీలు మొండికేశాయి. చివరకు ఐబీఎం అధినేత లూ గెర్స్ట్‌నర్ పెద్దమనిషిగా మధ్యలో నిలబడితే, 1995లో ఇద్దరూ రాజీపడి ఒకటే డీవీడీకి ఒప్పుకున్నారు. 1996 నవంబరులో జపాన్లో అది అమ్మకానికి వచ్చింది. ఒక్క డిస్కులో 4.7 జీబీ, అంటే ఆరు సీడీలకి పైన. సినిమా మొత్తం ఒక్కదాన్లోనే.

అక్కడితో సుఖపడ్డామా? ఇంట్లో రాసుకునే ఖాళీ డీవీడీల్లో మళ్ళీ 'డ్యాష్ ఆర్' అని ఒకటి, 'ప్లస్ ఆర్' అని ఒకటి. ఒక ప్లేయరులో ఆడింది ఇంకోదాన్లో ఆడేది కాదు. ఇప్పటి డ్రైవులు రెండూ చదువుతాయి కాబట్టి ఆ బెంగ మీకక్కర్లేదు. ఆ తర్వాత 2006లో హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రే పోటీకి దిగాయి. 2008 జనవరిలో వార్నర్ సంస్థ బ్లూ-రే వైపు మొగ్గింది. ఫిబ్రవరి 19న తోషిబా తన హెచ్‌డీ డీవీడీని మానేస్తున్నట్టు ప్రకటించింది. మొదటే హెచ్‌డీ డీవీడీ కొనుక్కున్న విదేశీయులు పాపం రెండేళ్ళలో బోల్తా పడ్డారు. మన ఇళ్ళల్లో ఈ రెండింటికీ పెద్దగా చోటు దొరకలేదు, అదొక్కటీ మన అదృష్టం!

మరి గెలిచినవాళ్ళన్నా నిలిచారా? జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. మన దేశంలో 28 రూపాయలకి వీసీడీ, 34 రూపాయలకి డీవీడీ అమ్మి ఇంటింటా సినిమాలు నింపిన మోజర్ బేర్ కంపెనీ దివాలా తీసి 2018లో మూతపడింది. ఖాళీ బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ముగించింది. అందుకే చెబుతున్నాను, ఏ డిస్కు మంచిదా అని ఇప్పుడు ఆలోచించి లాభం లేదు. డిస్కులో ఉన్నదాన్ని బయటికి తీసుకోవడమే మన పని.

పేరు కొట్టిన గిన్నె, గోరింటాకు పెట్టిన చెయ్యి

సినిమా డిస్కులన్నీ బాగానే ఆడుతున్నాయి, మా పెళ్ళి డిస్కే ఎందుకు పాడయింది అని ఆశ్చర్యపోతుంటారు చాలామంది. కారణం ఉంది.

బజార్లో కొన్న సినిమా డిస్కు ఫ్యాక్టరీలో అచ్చు మీద నొక్కి తీసింది. బొమ్మ తాలూకు గుర్తులు ప్లాస్టిక్‌లోనే సన్నటి గుంటలుగా పడివుంటాయి. స్టీలు గిన్నె మీద పేరు కొట్టించినట్టన్న మాట. తోమినా పోదు. స్టూడియో వాళ్ళు మీకిచ్చిన పెళ్ళి డిస్కు అలాంటిది కాదు. అందులో పల్చటి రంగు పూత ఉంటుంది. దాన్ని లేజరు కిరణంతో అక్కడక్కడా కాల్చి గుర్తులు పెడతారు. ఇది గోరింటాకు వంటిది! ఎంత ఎర్రగా పండినా వెలవక మానదు. ఎండ, వేడి, తేమ ఎంత ఎక్కువైతే అంత తొందరగా వెలుస్తుంది.

తేడా పోల్చుకోవడం సులువే. వెనక్కి తిప్పి చూడండి. శుభ్రమైన వెండి మెరుపు ఉంటే ఫ్యాక్టరీ డిస్కు. ఆకుపచ్చో, నీలమో, వంగపండు రంగో ఛాయ కొడుతుంటే రాసిన డిస్కు. తొందర పడాల్సింది ఈ రెండో రకానికే.

ఇంకో సంగతి. డిస్కు మీద గుర్తులు చక్రాలు వత్తినట్టు ఒకే చుట్టగా ఉంటాయి. సీడీలో ఆ చుట్ట విప్పితే అయిదు కిలోమీటర్ల పైమాటే! అది లోపలినుంచి మొదలై బయటి అంచు వైపు వస్తుంది. అంటే పెళ్ళికూతుర్ని చేయడం లోపలి వైపు, అప్పగింతలు బయటి అంచున. మన వేళ్ళు తగిలేదీ, గీతలు పడేదీ అంచునే కదా! అందుకే మొదటి గంట చక్కగా ఆడిన డిస్కు చివర్లో మొరాయిస్తుంది. "ఆడుతోందిలే" అని మొదటి పది నిమిషాలు చూసి పక్కన పెట్టకండి. చివరిదాకా చూడండి.

డిస్కుల్ని ఎలా ఉంచుకోవాలి?

ఫొటో ఫ్రేములా రెండు పక్కలా అంచు పట్టుకుని గానీ, మధ్య రంధ్రంలో వేలు పెట్టి గానీ తీయాలి. దుమ్ము పడితే మెత్తటి నూలుగుడ్డతో మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడవాలి. పళ్ళెం తుడిచినట్టు గుండ్రంగా తిప్పి తుడవకూడదు. చుట్టూతా పడిన గీత చుట్ట వెంబడే పోతుంది, ఆ భాగమంతా చదవలేకపోతుంది యంత్రం. అడ్డంగా పడ్డ చిన్న గీతని అది సర్దుకుంటుంది. మరకలుంటే మంచినీళ్ళతో కడిగి తడి అద్దేయండి, చాలు. అంట్ల పౌడరు, పళ్ళపొడి, కిరసనాయిలు వగైరా చిట్కాల జోలికి పోకండి. టూత్‌పేస్టుతో రుద్దమని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వెయ్యిలో ఒకటి బాగుపడితే దాన్నే పదిమందికీ చెబుతారు, పాడైన వాటి సంగతి చెప్పరు.

సీడీకి బొమ్మ వేసిన పై వైపే సున్నితం అంటే నమ్ముతారా? గుర్తులు ఉండేది ఆ రంగుల పూత కిందే. అడుగున మందమైన ప్లాస్టిక్ కాపలా ఉంటుంది గానీ పైన వార్నిషు పొర తప్ప ఏమీ లేదు. బాల్‌పెన్నుతో గట్టిగా 'చెల్లి పెళ్ళి-2' అని రాశారంటే ఆ రాత లోపలికి దిగుతుంది. కాగితం లేబుళ్ళు అంటించడం, అవి నచ్చక పీకడం రెండూ తప్పే. పీకేటప్పుడు వెండి పొర కూడా వూడి వస్తుంది. డీవీడీకి రెండు పల్చటి బిళ్ళలు అతికించి మధ్యలో గుర్తులు దాస్తారు కాబట్టి కొంత నయం.

జిప్పు పౌచ్‌లు చోటు కలిసొస్తాయి, నిజమే. కానీ ఎండాకాలం ఆ మెత్తటి ప్లాస్టిక్ డిస్కుకి అంటుకుపోతుంది. ఒక్కోదానికి ఒక్కో గట్టి పెట్టె, అదీ పుస్తకాల్లా నిలబెట్టి ఉంచడం మేలు. అమెరికాలో ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ వాళ్ళు 2003లో ఇచ్చిన సూచనల ప్రకారం ఎన్నాళ్ళో దాచాల్సిన డిస్కుల్ని 20 డిగ్రీలకి మించని చల్లదనంలో, సగానికి మించని తేమలో ఉంచాలి. రామగుండం ఎండలకీ, కాకినాడ ఉక్కకీ ఆ మాట చెబితే నవ్వుకుంటాయి! ఫ్రిజ్‌లో పెట్టమనడం లేదు సుమా. తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది. పడమటి గోడ బీరువాలో, అటకమీద, టీవీ వెనక వేడి తగిలేచోట కాకుండా ఇంటి మధ్య గదిలో చల్లగా, చీకటిగా ఉండే అరలో పెట్టండి. దేవుడి గది పక్కన వద్దు, సాంబ్రాణి పొగ జిడ్డు పట్టిస్తుంది.

క్యాసెట్లకి బూజు శత్రువు. చిన్న కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లగా పొడిలా కనిపిస్తే దాన్ని ఏ వీసీఆర్‌లోనూ వేయకండి. ఆ బూజు యంత్రానికి పట్టి తర్వాత వేసిన క్యాసెట్లన్నింటికీ అంటుతుంది. ముందు శుభ్రం చేసి, తర్వాతే ఎక్కించే స్టూడియోకే ఇవ్వాలి.

బయటికి తీయడం ఎలాగంటే...

ఇది మీరే చేసుకోవచ్చు. భయపడాల్సిందేమీ లేదు. పిల్లల ల్యాప్‌టాపు ఉంటుంది. దానికి డిస్కు డ్రైవు లేకపోతే విడిగా తగిలించే యూఎస్‌బీ డ్రైవు ఇప్పటికీ దొరుకుతోంది. నలుగురు తోడికోడళ్ళు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.

డిస్కు పెట్టి, అది తెరవగానే కనిపించే ఫోల్డర్లు చూడండి. వీసీడీ అయితే 'ఎంపెగ్ఏవీ' అనే ఫోల్డరులో 'డాట్' అనే తోకతో పెద్ద ఫైలు ఉంటుంది. దాన్ని కంప్యూటరులోకి కాపీ చేసేయడమే. డీవీడీ అయితే 'వీడియో టీఎస్' అనే ఫోల్డరు ఉంటుంది. దాన్ని విడగొట్టకుండా మొత్తం కాపీ చేయండి. నారింజరంగు శంకువు గుర్తున్న వీఎల్‌సీ ప్లేయరు ఉచితం, అది ఈ రెండింటినీ ఆడిస్తుంది. కాపీ మధ్యలో ఆగిపోతే నిరాశపడొద్దు. డిస్కు తుడిచి మళ్ళీ ప్రయత్నించండి, అప్పటికీ కాకపోతే ఇంకో ఇంట్లో ఇంకో డ్రైవులో వేసి చూడండి. ఒకటి చదవలేనిది ఇంకోటి చదువుతుంది. అరచేతంత చిన్న డిస్కుల మీద తీసే హ్యాండీక్యామ్ ఉండేది కొందరి ఇళ్ళల్లో. ఆ డిస్కు కంప్యూటరులో ఖాళీగా కనిపిస్తే పారేయకండి. దాన్ని ఆ కెమెరాలోనే 'ఫైనలైజ్' చేయాలి, మరచిపోయి ఉంటారు. అందుకని కెమెరా కూడా దాచండి.

క్యాసెట్లని మాత్రం స్టూడియోకి ఇవ్వక తప్పదు. ఇచ్చేటప్పుడు డీవీడీ మీద ఇస్తామంటే ఒప్పుకోకండి. పాత గోతిలోంచి తీసి ఇంకో గోతిలో వేసినట్టే. "ఫైలుగా మా హార్డ్ డిస్కులో వేసివ్వండి" అనండి. పాటలు పెడతాం, పూలు రాలుస్తాం, గుండె బొమ్మలో మొహాలు పెడతాం అంటారు. అవన్నీ వద్దని గట్టిగా చెప్పండి. మా బంధువుల ఇంట్లో ఒక స్టూడియో అతను అలాగే ముచ్చటపడి మొత్తం మీద సినిమా పాట వేసిచ్చాడు. మంత్రాలూ పోయాయి, అత్తగారు మంగళహారతి పాడిన గొంతూ పోయింది. అసలు క్యాసెట్టు తిరిగి తీసుకున్నారు కాబట్టి సరిపోయింది. మీరూ అసలుది మరవకుండా తెచ్చుకోండి.

అమెరికాలో అమ్మాయికి పంపితే ఆడలేదా?

ఈ ఫిర్యాదు ఒకప్పుడు చాలా ఇళ్ళల్లో వినిపించేది. దీనికి 'రీజియన్ కోడ్' కారణమని అందరూ అనుకున్నారు. సినిమా డీవీడీలకి ప్రపంచాన్ని భాగాలుగా పంచారు, అమెరికాది 1, మనది 5. కానీ స్టూడియోలో రాసిన పెళ్ళి డిస్కుకి ఈ కట్టడి ఉండదు. అసలు చిక్కు టీవీ పద్ధతిది. మనది సెకనుకి 25 బొమ్మలు చూపే పాల్, వాళ్ళది 30 బొమ్మల ఎన్‌టీఎస్‌సీ. అక్కడి చాలా ప్లేయర్లకి మన పాల్ తెలియదు. కంప్యూటరుకి రెండూ తెలుసు. మీ అమ్మాయి దగ్గర అలా ఆడకుండా మూలపడిన డిస్కు ఉంటే ల్యాప్‌టాపులో వేసి చూడమనండి. ఎవరూ ఎక్కువగా ముట్టుకోని డిస్కు కాబట్టి మీ దగ్గరున్న దానికంటే అదే బాగుండే అవకాశం ఎక్కువ!

ఎక్కడ దాచాలి?

లెక్క చూడండి. ఒక టెరాబైటు హార్డ్ డిస్కులో రెండొందల డీవీడీల సరుకు పడుతుంది. మామూలు సంసారానికి అది ధారాళం. అయితే ఒక్కటి కొంటే చాలదు, రెండు కొనండి. ఒకటి మీ బీరువాలో, ఇంకోటి పుట్టింట్లోనో ఆడపడుచు ఇంట్లోనో. వరదొచ్చినా, దొంగలొచ్చినా రెండిళ్ళకీ ఒకేసారి రారు కదా! ఉగాదికీ దసరాకీ తీసి, కంప్యూటరుకి తగిలించి, రెండు మూడు ఫైళ్ళు ఆడించి చూడండి. పెన్‌డ్రైవు ఊరికి పట్టుకెళ్ళడానికే గానీ ఏళ్ళతరబడి దాచడానికి కాదు. కరెంటు తగలకుండా చాలాకాలం ఉంటే అందులో రాసింది చెరిగిపోవచ్చు.

గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. ఉత్తరాలు, ఫొటోలు అన్నీ అందులోనే. అంటే మూడు డీవీడీలు. పైగా రెండేళ్ళు ఆ ఖాతా ముట్టుకోకపోతే తీసేసే హక్కు వాళ్ళకుంది. మూడో కాపీగా మరీ ముఖ్యమైనవి అక్కడ పెట్టుకోండి, పాస్‌వర్డు పద్దుల పుస్తకంలో రాసుకోండి.

హార్డ్ డిస్కుని నేరుగా టీవీకి తగిలిస్తే కొన్ని టీవీలు 'ఫార్మాట్ చేయనా?' అని అడుగుతాయి. పిల్లలు తెలియక 'సరే' నొక్కితే మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. చూడ్డానికి వేరే పెన్‌డ్రైవులో వేసుకోండి.

ఫైళ్ళకి పేర్లు పెట్టడం మధ్యాహ్నం తీరిక పని. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత సందర్భం: '1994 మే - పెద్దక్క పెళ్ళి' అని. అప్పుడు వరసగా వాటంతట అవే సర్దుకుంటాయి. దానితోపాటు ఒక నోటు పుస్తకం పెట్టుకుని అత్తగారినో, మేనత్తనో పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. "ఈ నల్లకోటాయన ఎవరు? పందిట్లో వడ్డిస్తున్న ఆవిడ ఎవరి తరఫు?" అని అడిగి నిమిషంతో సహా రాసుకోండి. ఆ వివరం చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలారు. డిస్కు కంటే ముందు ఆ పని చేసినా తప్పులేదు.

సినిమా డిస్కుల మాటేమిటి? నచ్చినవి ఉంచుకోండి. ఇంటర్నెట్టులో ఈ రోజు ఉన్న సినిమా రేపు ఉండటం లేదు, మీ డిస్కు మాత్రం మీదే. వాటికోసం పాత ప్లేయరునీ ఉంచండి. కొత్త టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల చోటు లేకపోతే హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా దొరుకుతుంది. ప్లేయరు నెలకోసారైనా ఆడాలి, మూలపడితే తలుపు తెరుచుకోదు.

ఇక కాపీ తీసేశాక రాసిన డిస్కుల్ని ఓ ఏడాదైనా పారేయకండి. ఆ తర్వాత కూడా పాత సామాన్లవాడికి అలాగే ఇవ్వకుండా, మందపాటి గుడ్డలో చుట్టి విరిచి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇవ్వండి. పొయ్యిలో వేసి కాల్చకండి, ఆ పొగ మంచిది కాదు. బాల్కనీలో పావురాల బెడద ఉంటే పాడైన సినిమా డిస్కులు నాలుగు దారం కట్టి వేలాడదీయండి. గాలికి తిరిగి తళతళలాడుతుంటే కొన్నాళ్ళపాటు అటు వాలవు.